ఒక్క సంతకం కోసం పల్నాడు దాకా

నేను బయల్దేరింది తిండి కోసం. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మంచిది. లేకపోతే ఎన్నికల మీద పరిశోధన చెయ్యడానికి వెళ్లానని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది. మాది విజయనగరం. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే నాలుగు ఊళ్లు తిరిగి రావాలనుకున్నాను. మా వైపు కూరలో ఆవపిండి, పులుసులో బెల్లం పడందే ముద్ద దిగదు. గుంటూరు, ప్రకాశం వైపు జనం అంత కారం ఎలా తింటారో దగ్గరగా చూడాలని ఎప్పట్నుంచో కోరిక. చీరాలలో నాతో ట్రైనింగు చదువుకున్న రత్నకుమారి ఉంది. వారం రోజులు, ఒక సంచీ, ఒక నోటుబుక్కు, అంతే అనుకున్నాను.

తీరా వెళ్లేసరికి అక్కడ పంచాయతీ ఎన్నికలకు నోటిఫికేషను వచ్చేసింది. ఈ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. అయినా ఏ గుమ్మం ఏ పార్టీదో ఆ వైపు చంటిపిల్లలు కూడా చెప్పేస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పోలింగు డ్యూటీలు చేశాను కాబట్టి ఎన్నికలంటే నాకు బాగా తెలుసని ఒక నమ్మకం ఉండేది. బూతు తలుపులు తెరవక ముందే ఎన్నికలు అయిపోతాయని ఈ ప్రయాణంలోనే తెలిసింది. చూసిన ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.

చీరాల

రత్నకుమారి వాళ్ల వీధిలో మరమగ్గాల మోత. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే గొంతు పెంచాల్సిందే. ఆవిడకి అలవాటైపోయి బజారులో కూడా అరుస్తూనే మాట్లాడుతుంది. పొద్దున్నే ఇడ్లీల మీద నెయ్యి, దాని మీద కారప్పొడి కుమ్మరించి పెట్టింది. నేను పొడి దులుపుకుని తింటుంటే, "ఇదేం తిండే, పథ్యం మనిషిలాగా!" అని వేళాకోళం చేసింది.

ఆ సాయంత్రం సైదమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. పక్కింటి నేతవాళ్ల దగ్గర కండెలకు నూలు చుట్టే పని చేస్తుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధారు, కులం సర్టిఫికెట్టు, ఓటరు లిస్టు కాగితాలు, ఒక ఖాళీ నామినేషను ఫారం.

"టీచర్‌గారూ, మీరు ఎలచ్చన్ డ్యూటీలు చేశారంట గదా. ఇది ఎట్టా నింపాలో చెప్పండి. ఒక్క గీత అటూఇటూ అయితే తీసి అవతల పారేస్తారంట."

ఫారాలు నింపడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. నింపుతూ ఉంటే సంగతి బయటికొచ్చింది.

వాళ్లది పల్నాడు వైపు, దాచేపల్లి అవతల మిరప పండే ఊరు. దూదేకులవాళ్లు, బీసీలు. పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఆమె భర్త నాగూరు ఒక అభ్యర్థి తరఫున బూతులో ఏజెంటుగా కూర్చున్నాడు. వాళ్ల మనిషి ఓడిపోయాడు. ఫలితం వచ్చిన రోజు నాగూరు కుడిచెయ్యి విరగ్గొట్టారు. తర్వాత ఎవరూ పనికి పిలవలేదు. కొట్టులో సరుకివ్వలేదు. వాళ్లింటి ముందున్న కుళాయి ఎండిపోయింది, పక్కింటిది బాగానే వచ్చేది. నెల తిరక్కుండా కట్టుబట్టలతో చీరాల వచ్చేశారు. చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు. ఇప్పుడు నాగూరు మరమగ్గాల షెడ్డులో ఎడమచేత్తో చేసే పనులు చేస్తాడు.

ఈసారి ఆ ఊరి సర్పంచి స్థానం బీసీ మహిళకు వచ్చింది.

"సర్పంచివై ఏం చేస్తావమ్మా?" అన్నాను. రోడ్లనో నీళ్లనో చెబుతుందనుకున్నాను.

"ఏం చేస్తానండీ. సర్పంచి అన్నాక ఊళ్లో ఉండాల్సిందే గదా. అప్పుడు మమ్మల్ని పొమ్మనేదెవరు?" అంది.

ఇంటికి తిరిగి వెళ్లడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే. ఫారంలో అన్నీ నిండాయి, ఒక్క గడి తప్ప. అభ్యర్థిని ప్రతిపాదించే మనిషి సంతకం. ఆ మనిషి ఆ ఊరి ఓటరై ఉండాలి. ఒక్కరు చాలు. నాగూరు ఓటు ఇప్పుడు చీరాలలో ఉంది కాబట్టి అతను పనికిరాడు. నామినేషన్లకు మూడు రోజులే గడువు.

నాగూరు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "నేనొస్తే మళ్లీ తలకాయలు పగుల్తయ్యండీ. ఆడమనిషైతే మాటలతో పోద్ది. దానికి ఆఫీసుల్లో మాట్టాడటం రాదు. మీరు తోడెళ్తారా?" అన్నాడు. రత్నకుమారి నా వైపు చూసి వద్దన్నట్టు కళ్లతోనే చెప్పింది. ఎవరైనా వద్దంటే ఆ పని చేసి తీరడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఎలాగూ నేను ఊళ్లు తిరగడానికే వచ్చాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

పొన్నూరు

పొద్దున్న ప్యాసింజరు బండిలో నిడుబ్రోలులో దిగాం. పొన్నూరుకి స్టేషను అదే. దారి పొడుగునా కోసిన వరిచేలు, ధాన్యం లారీలు. మా వైపు ఇంత నల్లటి నేల చూడం. మాది ఎర్రమట్టి, ఎంత దున్నినా మొండికేసే రకం. ఇంత నేల చేతిలో ఉంటే మనుషులకు కొట్టుకునే తీరిక ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపించింది. సైదమ్మ మాత్రం కిటికీ లోంచి చూడలేదు. కవరు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచుకుని కూర్చుంది.

అక్కడి రైసుమిల్లులో బాజీ హమాలీ. సైదమ్మకు వరసకి మరిది. వాళ్లు ఊరొదిలిన మర్నెలలోనే అతనూ వదిలాడు. బస్తా మోసి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, మా మాట పూర్తిగా వినకుండానే, "పెడతా వదినా, దానిదేముంది, ఎక్కడ పెట్టాలో చెప్పు," అన్నాడు. నాకు గాలిలో తేలినట్టయింది. ఇంత సులువైన పనికి ఇంత హడావుడి దేనికనిపించింది.

అయినా పాత అలవాటు కొద్దీ ఓటరు లిస్టు తీసి అతని పేరు వెతికాను. పేరు ఉంది. దాని మీద అడ్డంగా తొలగించినట్టు ముద్ర కూడా ఉంది. బాజీ తొంగి చూశాడు.

"ఇదేందండీ?"

"నీ ఓటు తీసేశారయ్యా. ఊళ్లో నివాసం లేవని ఎవరో కాగితం పెట్టుంటారు."

అతను కాసేపు ఆ ముద్రని చూశాడు. తర్వాత నవ్వాడు. "నిజమే గదండీ. లేకుండా చేసిందీ వాళ్లే, లేడని రాసిందీ వాళ్లే," అన్నాడు. సైదమ్మ పేరు ఎలా మిగిలిందంటే, ఏటా లిస్టు సవరించే రోజుల్లో ఆమె ఒక్కతీ బస్సెక్కి వెళ్లి, అక్కడి సిబ్బందికి కనపడి, ఊళ్లోనే ఉన్న ఆడబిడ్డ మస్తానమ్మ ఇంట్లో ఒక పూట ఉండి వచ్చేదట. బాజీకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మెస్సులో అతనే బలవంతంగా భోజనం పెట్టించాడు. ఒక్కొక్కటి నూట ఇరవై. గోంగూర పచ్చడి చూడ్డానికి అమాయకంగానే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాకు లోకం కనపడలేదు. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు. వడ్డించే ఆయన పరిగెత్తుకొచ్చి విస్తట్లో నెయ్యి ధారగా పోశాడు. "ఏ ఊరండీ మీది? మాకు చెప్పాలి గదండీ ముందే!" అని నన్నే కేకలేశాడు. ఆ రోజు సైదమ్మ నవ్వడం చూశాను. ఆ తర్వాత ఇక చూడలేదు.

గుంటూరు

మిర్చి యార్డు గురించి వినడం వేరు, లోపలికి అడుగుపెట్టడం వేరు. గేటు దాటగానే దగ్గు మొదలైంది. చుట్టూ గోతాలు, వాటిని టిక్కీలంటారు, కొండల్లా పేర్చి ఉన్నాయి. హమాలీలు ముక్కులకు గుడ్డ కూడా లేకుండా మోస్తూ కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను కొంగు మొహానికి చుట్టుకుని పావుగంట తుమ్మాను. రైతులందరిదీ ఒకటే మాట, ధర లేదని. ఒకాయన గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, "వాసన చూడండి, రంగు చూడండి, దీనికా ఆ రేటు?" అని నిలదీశాడు. ధర తగ్గించింది నేనే అన్నట్టు నాకు సిగ్గేసింది.

సైదమ్మ అక్కడికి తీసుకెళ్లిన కారణం వేరు. సీజను కాబట్టి వాళ్ల ఊరివాళ్లు సరుకు తెచ్చి ఉంటారు, ఎవరో ఒకరు సంతకం పెట్టకపోతారా, వదినను ఇందులోకి లాగకుండానే గడిచిపోదా అని. ముగ్గురు కనపడ్డారు. ఒకాయన మమ్మల్ని చూస్తూనే మోగని ఫోను చెవికి పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. మిగతా ఇద్దరూ ఆప్యాయంగానే పలకరించారు. సంతకం అనేసరికి, "మా టిక్కీలు కాటా మీద ఉన్నయ్ అమ్మాయ్," అని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు.

అప్పుడు పెద్దాయన వచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ని అలాగే అంటారట, నేనూ అలాగే రాస్తాను. తెల్లటి బట్టలు, చెవులకు పోగులు, మెత్తటి గొంతు. గొంతుని బట్టి మనిషిని నమ్మే అలవాటు నాకు ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో కూడా పోలేదు.

"ఏమ్మా సైదమ్మా, బాగున్నావా? నాగూరు చెయ్యి ఎట్టా ఉంది?" అన్నాడు.

"అట్టనే ఉందండి," అంది సైదమ్మ నేల చూస్తూ. ఆ చెయ్యి విరిచింది ఈయన మనుషులేనని ఆమె నాకు పొన్నూరు బండిలోనే చెప్పింది.

ఆయన మమ్మల్ని టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి టీలు చెప్పాడు. నాకు ప్రత్యేకంగా చక్కెర ఎక్కువ వెయ్యమన్నాడు. "పోయినసారి ఊళ్లో నెత్తురు కారింది మేడమ్. ఈసారి రెండు పార్టీలోళ్లం ఒకచోట కూర్చుని ఏకగ్రీవం అనుకున్నాం. మా ట్రాక్టరు డ్రైవరు భార్యని నిలబెడతన్నాం. బీసీ పిల్లే. మంచిది, నోట్లో నాలిక లేదు. గొడవల్లేకుండా ఉండటం తప్పా చెప్పండి?"

అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆయన మాట నాకు సబబుగానే తోచింది. ఏకగ్రీవం అంటే మా పోలింగు సిబ్బందికి పండగ. పెట్టెలు మొయ్యక్కర్లేదు, ఆ ఊరికి డ్యూటీ ఉండదు. ఎన్ని ఊళ్ల పేర్లు అలా చదివి హమ్మయ్య అనుకున్నానో! ఆ పేర్ల వెనక ఎంతమంది ఇలా కవర్లు పట్టుకుని తిరిగారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కానీ ఆ నాలిక మాట నాకు గుచ్చుకుంది.

"నాలికున్న ఆడది సర్పంచిగా పనికిరాదాండీ?"

"ఎందుకు పనికిరాదమ్మా? నామినేషను ఎయ్యమనండి. హక్కు గదా. కాకపోతే ప్రతిపాదించే మనిషి ఊళ్లోవాడై ఉండాల. ఎవరున్నారు పాపం?"

ఆ పాపం అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. "ఎందుకు లేరు? సొంత ఆడబిడ్డ ఉంది. మస్తానమ్మ పెడుతుంది సంతకం," అన్నాను.

"ఓహో. మస్తానమ్మా. మంచిదమ్మా," అన్నాడాయన. టీలకు ఆయనే ఇచ్చి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

సైదమ్మ నన్ను గబగబా గేటు బయటికి తీసుకొచ్చింది. వచ్చాక, "పేరెందుకు చెప్పారు టీచర్‌గారూ?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది.

"చెబితే ఏమైంది? రేపటికి ఎలాగూ తెలిసేదేగా."

"కాగితం ఆఫీసరు చేతిలో పడేదాకా మా వైపు ఎవరూ పేరు పైకి అనరండీ. మా ఆయన ఏజెంటుగా కూర్చుంటాడని ఆ పొద్దున బూతులోకి పోయేదాకా నాక్కూడా తెలవదు."

మా ఊళ్లో ప్రతిపాదించే మనిషి ముందు నడుస్తుంటే వెనక డప్పులు మోగుతాయి. సంతకం పెట్టేవాడు తన పేరు పదిమందికీ తెలియాలనే పెడతాడు. ఆ ధీమాతో ఒక మనిషి పేరు టీకొట్టు దగ్గర పారేసి వచ్చాను. ఆ రాత్రికి గుంటూరులోనే ఉండిపోయాం.

దాచేపల్లి దారి

చివరి రోజు. సాయంత్రం ఐదులోపు కాగితం పడాలి. తెల్లవారుతూనే బస్సెక్కాం. సత్తెనపల్లి దాటాక పత్తిచేలు, చివరి ఏరుడు కూడా అయిపోయి, మోళ్లకు అక్కడక్కడా మురికి దూది వేలాడుతోంది. పిడుగురాళ్ల దాటితే సున్నపురాయి నేల. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము చెట్ల ఆకుల మీద, ఇళ్ల కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద కూడా పేరుకుని ఉంది. పక్క సీటులో ఒకావిడ, "మా ఇంట్లో రోజుకి రెండుసార్లు ఊడుస్తామండీ, అయినా పొయ్యి మీద పాలల్లో పడుద్ది," అని మామూలుగా చెప్పింది. ఎవరికి ఓటేస్తారని అడగబోయి మానుకున్నాను. గుంటూరులో నేర్చుకున్న పాఠం ఇంకా పచ్చిగానే ఉంది.

దాచేపల్లిలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాం. మనిషికి నలభై. సైదమ్మ మొహానికి నిండుగా కొంగు కప్పుకుంది. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి చూసి, "సైదక్కా, నువ్వేనా?" అన్నాడు. ఆమె కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. అతను మళ్లీ అడగలేదు. దిగేటప్పుడు డబ్బులివ్వబోతే వద్దని చెయ్యి ఊపి, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి బండి తిప్పుకున్నాడు.

కల్లం

ఊరి బయటే మస్తానమ్మ మిరపకాయ ఎండబెట్టే కల్లం. నాగూరు అక్క, భర్త పోయాడు, ఎకరన్నర మిరప కౌలుకి చేస్తుంది. ఆ చేనూ, కల్లం వేసిన నేలా, కాయ కింద పరిచిన టార్పాలిన్ పట్టాలూ అన్నీ పెద్దాయనవే. ఎండలో కాయంతా ఎర్రగా పరిచి ఉంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో పక్కన నిలబడ్డానికి అంత నరకం. మస్తానమ్మ మూతికి గుడ్డ కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచింది.

"పొద్దున మనిషొచ్చాడు సైదా," అంది గుడ్డ తీసి. "పెద్దాయన పంపాడు. ఏమీ అనలా. కాయ బాగుంది, ఎన్నిరోజులు ఎండాలని అడిగి పోయాడు."

తప్పు నాదేనని చెప్పాను. మస్తానమ్మ నా వైపు చూసి, "అన్నం తిన్నారా?" అంది. కల్లం పక్కన పందిట్లో అన్నం, పచ్చిమిరపకాయ పచ్చడి, గట్టి పెరుగు పెట్టింది. ఈసారి నీళ్లు కారినా ఎవరూ గమనించరని కాస్త ధైర్యంగానే తిన్నాను.

సైదమ్మ ఏమీ అడగలేదు. కవరు తెరవలేదు కూడా. "నీకిష్టమైతేనే వదినా. లేదంటే ఇట్నుంచి ఇటే పోతా," అంది.

మస్తానమ్మ కొంచెంసేపు కాయ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని, "తే," అంది. డ్వాక్రా గ్రూపులో నేర్చుకున్న సంతకం. కింది పెదవి పళ్ల కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, చివర్న కాగితం చిరిగేటంత గట్టిగా గీత గీసింది. "మీ ఇంట్లోనే మా నాయన చచ్చిపోయిందాకా ఉన్నాడు. దానికి తాళం పెట్టుకుని తిరగటం ఏందీ మనం," అంది, సంతకం ఆరుతుండగా.

నాలుగు గంటల వేళ పక్క ఊళ్లో, నామినేషన్లు తీసుకునే ఆఫీసులో కాగితం ఇచ్చాం. అధికారి అన్నీ చూసి రసీదు ఇచ్చాడు. సైదమ్మ ఆ రసీదు నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దాచుకుంది. తనతో ఉంటే వదినకు ముప్పని, రాత్రికి దాచేపల్లి లాడ్జిలోనే ఉండిపోయాం. నేను పావుకిలో మైసూరుపాక్ కొన్నాను. తప్పు చేసినా గట్టెక్కామని నా సంబరం. ఆమె ఒక ముక్క తీసుకుని, మిగతాది వదినకు ఇద్దామని పొట్లం కట్టింది.

పరిశీలన

మర్నాడు నామినేషన్ల పరిశీలన. ఆఫీసుకు వెళ్లే రోడ్డు కల్లం పక్కనుంచే పోతుంది. పొట్లం ఇచ్చి వెళ్దామని దిగాం. మస్తానమ్మ అక్కడ లేదు. కల్లం గట్టు మీద ట్రాక్టరు, దానికి తగిలించి నీళ్ల ట్యాంకరు. పైపు చివర కాయ మీదకు వేలాడుతూ ఉంది. డ్రైవరు సీటులో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

"పోన్లే, కూలీలకు తాగడానికి నీళ్లు పంపినట్టున్నారు," అన్నాను.

సైదమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "కల్లం దగ్గరికి ట్యాంకరు ఎవరు తెస్తారండీ? తడిస్తే కాయ నల్లబడుద్ది. ఏడాదంతా పోయినట్టే." డ్రైవరు తలెత్తలేదు. అతనితో ఎవరూ మాట్లాడలేదు, అతనూ ఎవరినీ ఏమీ అనలేదు. అక్కడ బండి ఆపమన్నారు, ఆపాడు.

ఆఫీసు వరండాలో జనం. పెద్దాయన నన్ను చూసి కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. నేను ముట్టుకోలేదు. అదొక్కటే ఆ రోజు నేను చెయ్యగలిగిన పని. మస్తానమ్మ ఒక కుర్రాడి మోటారు సైకిలు మీద వచ్చింది. దిగి, మా వైపు చూడకుండా లోపలికి వెళ్లింది.

అధికారి సైదమ్మ ఫారం తీశాడు. ఈ నామినేషను మీద అభ్యంతరం వచ్చిందని చెప్పి, మస్తానమ్మను దగ్గరికి పిలిచాడు.

"ఇక్కడ ఉన్నది నీ సంతకమేనా అమ్మా?"

"కాదండి."

"సరిగ్గా చూసి చెప్పు."

"కాదండి. నేను పెట్టలా."

నేను గుమ్మం దగ్గర నుంచి అరిచాను. "నా కళ్ల ముందు పెట్టిందండీ! నేను సాక్షిని!"

అధికారి తలెత్తాడు. "మీరెవరండీ? ఓటు ఎక్కడ మీకు?"

"విజయనగరం."

"అయితే బయట ఉండండి మేడమ్," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఎన్నిసార్లు నేనే అలా ఎంతమందిని బూతు బయట నిలబెట్టానో! సైదమ్మ మాత్రం బల్ల ముందు నిలబడి ఒక్క మాట అనలేదు. ఆమె అభ్యంతరం చెబితే అధికారి మస్తానమ్మని మళ్లీ అడుగుతాడు. మళ్లీ అబద్ధం చెప్పించడం ఆమెకు ఇష్టం లేకపోయిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

అధికారి ఒక తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాశాడు. సదరు నామినేషను పత్రంలోని సంతకం తనది కాదని మస్తానమ్మ చెప్పినట్టు. చదివి వినిపించి, కింద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు.

మస్తానమ్మ పెన్ను తీసుకుంది. కింది పెదవి పళ్ల కింద పెట్టుకుంది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, నిదానంగా రాసి, చివర్న కాగితం చిరిగేటంత గట్టిగా గీత గీసింది. అధికారి ఆ కాగితాన్ని ఫారం పక్కన పెట్టాడు. రెండు సంతకాలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకే తేడా లేదని తెలుస్తోంది. ఆయన రెండింటినీ చాలాసేపు చూశాడు. తర్వాత ఫారం మీద తిరస్కరించినట్టు రాసి ముద్ర వేశాడు.

బయట టపాకాయలు మొదలయ్యాయి. డ్రైవరు భార్యకు దండ వేస్తున్నారు. ఆ పిల్ల నిజంగానే నోరెత్తలేదు. మస్తానమ్మ తలొంచుకుని సైదమ్మ పక్కగా వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. తిట్టినా, ఏడ్చినా, కనీసం మొహం తిప్పుకున్నా నాకు కాస్త తేలికగా ఉండేది.

సైదమ్మ మైసూరుపాక్ పొట్లం ఆమె చేతిలో పెట్టింది. "ఎండ ఎక్కింది వదినా. పోయి కాయ తిరగెయ్యి," అంది.